ఇరవై తొమ్మిది రోజులు

ఇరవై తొమ్మిది రోజులు. ఈ అంకెను నేను ఇరవై ఒక్క ఏళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. నాతో పని చేసినవాళ్లకు చెప్పలేదు. నన్ను ఆ పనిలో పెట్టిన డాక్టరమ్మ ఊరు విడిచి వెళ్లిపోతూ నా రెండు చేతులూ పట్టుకున్నప్పుడు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. మీకు చెప్పగలుగుతున్నది అందుకేనేమో.

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సైజులు వేరుచేసే పని. గుప్పెడు పప్పు పట్టుకుంటే ఎన్ని ఉన్నాయో చెప్పేదాన్ని. తక్కినవాళ్లు లెక్కపెట్టి చూసేవారు. తప్పేది కాదు. అంకెలు నాకు ఎవరూ నేర్పలేదు. గోడ మీది క్యాలెండరు చూసి తిథులు నేర్చుకున్నాను, పిల్లల పుస్తకాలు చూసి భాగహారం నేర్చుకున్నాను. నాకు ముప్ఫై ఏళ్లప్పుడు డాక్టరమ్మ నన్ను తన దగ్గరకు తీసుకుంది.

ఆమె నడిపింది చిన్న కేంద్రం. పలాసలో, బస్సులు ఆగే చోటికి వెనక వీధిలో రెండు గదులు. అనుకోకుండా కడుపు వచ్చిన ఆడవాళ్లు అక్కడికి వచ్చేవారు. పెళ్లికాని వాళ్లు, పెళ్లయినవాళ్లు, చంకలో బిడ్డ ఉండగానే మళ్లీ నెల తప్పినవాళ్లు. ఉంచుకోమనీ చెప్పం, తీయించుకోమనీ చెప్పం. ముందు వింటాం. దారులు ఏమున్నాయో చెబుతాం. ఆసుపత్రికి తోడు వెళతాం. ఇంట్లోంచి గెంటేస్తే తల దాచుకునే చోటు చూస్తాం. డాక్టరమ్మ టెక్కలి నుంచి శనివారం శనివారం వచ్చేది. మిగతా రోజులు మేమే. మాకు ఆమె పెట్టిన నియమం ఒక్కటే: ఈ గదిలో విన్నది గుమ్మం దాటకూడదు. తల్లి అడిగినా, మొగుడు అడిగినా, పోలీసు అడిగినా.

నా పని వారాలు లెక్కకట్టడం. ఉద్దానం ఒడ్డు ఊళ్ల ఆడవాళ్లు తేదీ చెప్పరు. చంద్రుణ్ణి చెబుతారు. అమావాస్య ముందు రోజు బయట చేరాను, పున్నమి వెళ్లిన ఐదో నాడు చేరాను అంటారు. సముద్రం మీద బతికే ఇళ్లలో అదే క్యాలెండరు. నేను నా సొంత పద్ధతి ఒకటి కట్టుకున్నాను. ఉగాది మొదటి రోజు. అక్కడి నుంచి నెలకు ఇరవై తొమ్మిదిన్నర చొప్పున ముందుకు. ఆమె చెప్పిన తిథి ఉగాదికి ఎన్నో రోజు, తేదీల లెక్కన ఈ రోజు ఎన్నో రోజు, తీసేస్తే వచ్చినవి రోజులు, ఏడుతో భాగిస్తే వారాలు. కాగితం అక్కర్లేదు. డాక్టరమ్మ మూడుసార్లు స్కానింగుతో పోల్చి చూసింది. మూడుసార్లూ కలిసింది. “నీకు క్యాలెండరెందుకమ్మా, ఆ మేకు ఖాళీ చేసి నా గొడుగు తగిలిస్తాను” అని నవ్వింది. అప్పటి నుంచి నా పేరు లెక్కలక్క. ఆ పేరు ఎంత తియ్యగా ఉండేదో మీకు ఎలా చెప్పను?

ఒక అమ్మాయి దీపావళికి రెండు రోజుల ముందు వచ్చింది.

పేరు రాయను. ఇరవై రెండేళ్లుంటాయి. సోంపేట వైపు ఒడ్డు ఊరి కోడలు. పది నెలల ఆడపిల్లను ఎత్తుకుని వచ్చింది. మొగుడు గుజరాత్ బోట్ల మీద పని. ఆషాఢంలో వెళ్లినవాడు, తండ్రికి కిడ్నీలు పాడై మంచాన పడ్డాడని కబురందితే వినాయక చవితికి వారం ముందు వచ్చాడు. నిమజ్జనం మర్నాడు మళ్లీ వెళ్లిపోయాడు. ఇప్పుడు నెల తప్పింది. మామకు మందులు, పిల్లకు పాలు, ఇంటి చాకిరీ. మళ్లీ కడుపంటే ఏం చెయ్యాలో తెలియడం లేదంది. తీయించుకోవాలని రాలేదు, ఉంచుకోవాలనీ రాలేదు. అడగడానికి వచ్చింది. మా గది ఉన్నదే అందుకు.

తిథి అడిగాను. శ్రావణ పున్నమి వెళ్లిన మూడో నాడు అంది. తడుముకోకుండా చెప్పింది. నేనూ తడుముకోలేదు. తొంభై తొమ్మిది రోజులు. పద్నాలుగు వారాల ఒక రోజు.

“అన్ని వారాలేటక్కా? ఆయనొచ్చి ఎల్లినాకే గదా...” అంటూ ఆగిపోయింది.

ఆ ఆగడాన్ని నేను చూశాను. ఇరవై ఒక్క ఏళ్లుగా దాన్నే చూస్తున్నాను. అది అర్థంకాక ఆగిన మాట. నాకు మాత్రం దొరికిపోయిన మనిషి ఆగినట్టు కనిపించింది. ఎందుకలా కనిపించింది? ఎందుకంటే నా దగ్గర అంకె ఉంది. అంకె ప్రకారం మొగుడు గుమ్మం ఎక్కేనాటికే ఆమెకు నెల తప్పి పది రోజులు. మా గదిలో నేర్పిన మెత్తటి మాటలన్నీ చెప్పాను. పన్నెండు వారాలు దాటింది కాబట్టి, తీయించుకోవాలంటే ఇక్కడ కుదరదు, పెద్దాసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, శనివారం డాక్టరమ్మ వస్తుంది, నువ్వూ రా అన్నాను. పిల్ల బుగ్గ పుణికాను కూడా. మనసులో మాత్రం ఆమెను చిల్లు పడ్డ పప్పులా అప్పుడే ఏరి పక్కన పెట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఒక పెద్దావిడ వచ్చి గడప మీద కూర్చుంది. చేపల గంప పక్కన పెట్టింది. నిన్న వచ్చిన అమ్మాయి అత్తగారు. కోడల్ని మా వీధిలో దింపిన ఆటో మనిషి ఊళ్లో చెప్పాడట.

“ఏటమ్మా, మా కోడలు నిన్న ఇక్కడికొచ్చిందంట గదా.”

“ఎవలొచ్చినా మేం సెప్పకూడదమ్మా.”

“సెప్పకులే. పొద్దున్నే కక్కుతంటే నాను సూడనేదేటి? నలుగుర్ని కన్నాను. ఎన్నాళ్లయ్యిందో అదొక్కటీ సెప్పు.”

“అదీ కూడదు.”

“ఓలమ్మా, కూడదంట! లెక్కలక్క, లెక్కలక్క అని మా ఊరి దాకా పేరు. తిథి సెప్తే వారాలు సెప్పేత్తాదన్నారు. నీకూ తెలీదేటి మరి? డాక్టరమ్మొచ్చి సెప్పాలా?”

“తెలీకేటి. పద్నాలుగు వారాలు.”

అంతే. అంత తేలిగ్గా వచ్చేసింది. ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలేదు. నాకు తెలియదేమో అని ఒక ముసలావిడ అన్నందుకు.

ఆమె వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంది. ఒకసారి అయ్యాక మళ్లీ మొదటి నుంచి. “పద్నాలుగంటే మూడు నెల్ల మీదే. మావోడొచ్చి రెండు నెల్లే గదమ్మా.”

నేను బల్ల మీది కాగితాలు సర్దుకున్నాను.

“లెక్కేటైనా తప్పిందేమో. ఓపాలి మళ్లీ సూడు తల్లీ.” గొంతు మారిపోయింది. గడప మీద కూర్చున్నప్పటి వెటకారం లేదు. బతిమాలుతోంది. “గుంట మంచిదే. పని బాగా సేత్తాది. మళ్లీ సూడు.”

“నా లెక్క తప్పదమ్మా.”

నా వెనక గోడకు క్యాలెండరు ఉంది. మూడు అడుగులు. తిరగలేదు.

చెప్పింది ఒక్క అంకె కదా, తక్కినదంతా ఆవిడే తీసివేసుకుంది కదా అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజం కాదు. మళ్లీ చూడమని ఆవిడ అడిగింది. ఆవిడ కోడల్ని కాపాడుకోవాలని చూసింది. నేను నా పేరును కాపాడుకున్నాను.

దీపావళి నాడు ఆమెను ఇంట్లోంచి పంపేశారు. పది నెలల పిల్లను తమ దగ్గరే ఉంచేసుకున్నారు. పాలు తాగే పిల్లను. ఆమె భావనపాడు వైపు తల్లిగారింటికి చేరింది. మొగుడికి ఫోను చేస్తే, “లెక్కలో తేలిందంట గదా” అని పెట్టేశాడట. ఇదంతా మా కేంద్రం తరఫున ఊళ్లు తిరిగే ఆమె తెచ్చిన కబురు. ఎవరి లెక్క, ఎవరు చెప్పారు అన్నది ఆ కబురులో లేదు. అత్తవారింట్లో గొడవట అని మాత్రం డాక్టరమ్మకు చెప్పారు. మొగుడన్న మాట నేను డాక్టరమ్మ దాకా పోనివ్వలేదు.

మావాళ్లు ఆ తల్లిగారింటికి వెళ్లారు. ఐరన్ మాత్రలు ఇచ్చారు, టెక్కలి ఆసుపత్రికి తోడు వెళ్లారు. లెక్కలక్క లెక్క ఉంది కదా అని స్కానింగు తీయించలేదు. ఆమె బిడ్డను ఉంచుకుంటానంది. నేను ఒక్కసారీ వెళ్లలేదు. దూరం నుంచి వారాలు లెక్కపెట్టాను. నా లెక్కన మే రెండో వారానికి నలభై నిండాలి. నిండాయి. కాన్పు కాలేదు. నలభై ఒకటి. ఆలస్యం అవుతుంది కొందరికి. నలభై రెండు. అన్నం సహించడం మానేసింది. రోజూ పొద్దున్నే గదికి వెళ్లగానే, కాన్పయిందా అని అడిగేదాన్ని. ఎంత ప్రేమో చూడండి అనుకున్నారు తక్కినవాళ్లు.

నలభై రెండు దాటిన రెండో రోజు, ఇంట్లో కూర్చుని, మొదటిసారి వెనక్కి లెక్కకట్టాను. ఉగాది నుంచి ముందుకు కాదు. దీపావళి అమావాస్య నుంచి వెనక్కి. ఆశ్వయుజం, భాద్రపదం, శ్రావణం. శ్రావణ పున్నమి నా పాత లెక్కకు ఇరవై తొమ్మిది రోజులు ఇవతల పడింది. మళ్లీ కట్టాను. మళ్లీ అక్కడే. పాత క్యాలెండరు తీసి చూశాను. పెద్ద అక్షరాలతో ఉంది. అధిక శ్రావణం. ఆ తర్వాత నిజ శ్రావణం.

ఆ ఏడు రెండు శ్రావణాలు. నాకు తెలియనిది కాదు. అధిక మాసమని మా వీధిలో ఎవరూ పెళ్లిమాట ఎత్తలేదు, గృహప్రవేశం చెయ్యలేదు. నా పద్ధతిలో మాత్రం దానికి చోటు లేదు. నేను కేంద్రంలో చేరాక అధిక మాసం రావడం అదే మొదలు. ఇక ఒడ్డు ఊళ్లలో ఆ మొదటి నెలను శ్రావణమనే అనరు. శూన్యం అంటారు, వదిలేస్తారు. ఆమె శ్రావణ పున్నమి అన్నప్పుడు, ఆమెకు గానీ ఆమె అత్తకు గానీ, ఆ ఊళ్లో చిన్నపిల్లకు గానీ, అది ఏ పున్నమో తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

అప్పటికి ఇంకా కాన్పు కాలేదు. సోంపేటకు బస్సులున్నాయి. అక్కడి నుంచి ఆటో. వెళ్లి ఆ గడప మీద కూర్చుని, అమ్మా, నా లెక్క తప్పింది, బిడ్డ నీ కొడుకుదే అనాలి. ఒక్క మాట. ఎందుకు వెళ్లలేదు? లెక్క తప్పిందని చెప్పాలంటే ఆ లెక్క గుమ్మం దాటించానని ఒప్పుకోవాలి. మా గదిలో మాట బయటికి పోతుందని తెలిస్తే రేపు ఏ ఆడది వస్తుంది, ఎంతమందికి నష్టం అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత పెద్ద కారణం! దాని వెనక నక్కింది చిన్న సంగతి. ఐదో తరగతి చదివినదాన్ని. లెక్కలక్క అన్న పేరు తీసేస్తే నా దగ్గర ఏం మిగులుతుంది?

జూన్‌లో ఆమెకు బాబు పుట్టాడు. నా లెక్కన నలభై మూడు వారాల ఆరు రోజులు. ఏ బిడ్డా అంతకాలం కడుపులో ఉండదు.

డాక్టరమ్మ రిజిస్టరు తెరిచి పిలిచింది. “ఇదేంటమ్మా, మన లెక్కలో తేడా వచ్చిందా?”

“ఆ అమ్మాయే తిథి తప్పు చెప్పిందండి” అన్నాను.

రిమార్కు గడిలో నా చేత్తోనే అలా రాశాను. డాక్టరమ్మ అది చదివి, అత్తవారింట్లో గొడవకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా, మనం వెళ్లి మాట్లాడితే ఉపయోగముంటుందా అని అడిగింది. చూడండి, తలుపు మళ్లీ తెరుచుకుంది. ఆ గొడవ వేరేదటండి, మనం ఇంటి విషయాల్లో కల్పించుకోకూడదు కదా అన్నాను. నేను విరిచిన నియమాన్నే అడ్డం పెట్టుకున్నాను.

మొదటిది పొరపాటు అనుకోండి. ఇది కాదు.

ఏళ్ల తర్వాత ఆమెను కోటబొమ్మాళి సంతలో చూశాను. ఎండుచేపలు అమ్ముతోంది. నేను తప్పుకునేలోపే చూసింది. “ఏటక్కా, ఇంకా లెక్కలు కడతన్నావేటి?” అని నవ్వింది. నిలదీస్తోందేమో అనుకున్నాను. అందులో ఏమీ లేదు. పలకరింపు. బాబు బడికి వెళ్తున్నాడంది. పెద్దపిల్ల సంగతి నేను అడగలేదు. ఆమే చెప్పింది, “సోంపేటలో ఓపాలి కనబడింది. నన్నెరగదు.” తూకం వేశాక ఇంకో గుప్పెడు చేపలు పైన వేసింది. “నువ్వు మా మంచి సూసినావు” అంది. ఆమె నమ్మకంలో ఇంటికి ఉప్పందించింది ఆటో మనిషే, నెలలు లెక్కపెట్టుకుంది అత్తే. ఆ గుప్పెడు చేపలు నేను సంచీలో వేసుకుని వచ్చేశాను.

అధిక శ్రావణం పంతొమ్మిదేళ్లకు తిరిగి వస్తుందని అప్పుడే లెక్కకట్టుకున్నాను. అది వచ్చేలోగా చెప్పేయాలని గడువు పెట్టుకున్నాను. అది వచ్చింది, వెళ్లింది. గడువు దాటి రెండేళ్లు. ఈ మధ్యలో పనిలో కొత్తగా చేరినవాళ్లకు నేనే నేర్పాను. ఎవరు శ్రావణమన్నా, ఏ శ్రావణమమ్మా, శూన్యమా, అది వెళ్లాకా అని అడగండి, క్యాలెండరు చూడకుండా అంకె వెయ్యకండి అని. అక్కకు ఎంత జాగ్రత్త అన్నారు. ఆ మెప్పు కూడా నేనే తీసుకున్నాను.

ఈ సంగతి ముందు చెప్పాల్సింది ఆమెకు. ఆమె అత్తకు. ఆవిడ ఇప్పుడు లేదని విన్నాను. ఆమె దగ్గరకు వెళతానని ఇక్కడ రాస్తే మీరు నన్ను కొంచెం మంచిదనుకుంటారు. అందుకే రాయను. ఇన్నేళ్లూ వెళ్లలేదు, అంతవరకే నాకు తెలుసు.

రిజిస్టరు ఎప్పుడో చెదలు తినేసింది. ఆ గడిలో రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజుకు డెబ్బై రోజులు. సరిగ్గా పది వారాలు. తిథి ఆమె సరిగ్గానే చెప్పింది. లెక్క నాది తప్పు.