వెనక చాప మీద పెద్దమ్మ

మొన్న మొదటి ఆదివారం సాలూరులో మేం వెళ్లే చర్చిలో, మా మాటల్లో గుడిలో, ప్రభువు బల్ల సీలు వేసిన ప్లాస్టిక్ కప్పుల్లో వచ్చింది. పైన ఒక రేకు, దాని కింద బిళ్ళంత రొట్టె, ఆ కింద ఇంకో రేకు, దాని అడుగున ద్రాక్షరసం. కరోనా తర్వాత మొదలైన ఏర్పాటు ఇది. శుభ్రమే, కాదనను. కానీ నా గోళ్లకు ఆ రేకు లొంగదు. పాస్టరుగారు ప్రార్థన ముగించేసరికి గుడంతా చిటచిట చప్పుళ్లు. నా పక్కావిడ మహా భక్తురాలు, పళ్లతో లాగుతోంది. నేను విప్పలేక కప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. చుట్టూ అందరూ తీసుకుంటూంటే నా చేతులు మాత్రం ఒళ్లో ఉండటం చూసుకున్నాక మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడా ఇలాగే కూర్చునేది. కాకపోతే ఆవిడకు అసలు ఇచ్చేవారే కాదు.

పెద్దమ్మ అంటే మా నాన్న అన్నగారి భార్య. పెదనాన్న ముందే పోయాడు, పిల్లల్లేరు, మా ఇంట్లోనే ఉండేది. పాచిపెంట దాటి కొండెక్కితే వచ్చే మా ఊళ్లో సగం ఇళ్లు గుడివి, సగం ఇళ్లు కొండదేవతలవి. గుడి ఇళ్లలో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన డబ్బాలో వేస్తారు. అది దేవుడి బియ్యం. శనివారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి దాన్ని పోగుచేసే పని పెద్దమ్మది. డబ్బా తేలిగ్గా ఉంటే ఊరుకునేది కాదు. "ఏటే, నీ సెయ్యి దేవుడికాడికొచ్చేసరికి ముడుసుకుపోతాదేటి?" అని గుమ్మంలోనే అడిగేసేది. ఆ నోటికి భయపడో, ఆ మనిషి మీద నమ్మకంతోనో, ఊళ్లో రెండు పక్షాలవాళ్లూ ఆవిడనే వార్డు మెంబరుగా గెలిపించారు.

ఒక వానాకాలం ఘాట్ రోడ్డు జారిపోయి రేషను బండి రాలేదు. ఆ వారాల్లోనే మా గుడి ఎదురింటాయన చనిపోయాడు. బతికినన్నాళ్లూ గుడి మైకుతో ఆయనకు పడేది కాదు. ఒకసారి వైరు కూడా కోసేశాడు. మర్నాడు మైకు లేకుండా పాటలు పాడితే మునుపటికన్నా బాగున్నాయని మా అమ్మ గుట్టుగా నవ్వడం నాకు గుర్తే. మా ఊళ్లో కొండదేవతల ఇళ్లలో ఒక కట్టు ఉంది. చావు జరిగిన ఇల్లు ఊరికి అన్నం పెట్టేదాకా ఆ ఇంటివాళ్లు కూలికి పోకూడదు, ఊటకాడ నీళ్లు ముంచుకోకూడదు. ఆయన పెళ్లానికి ఊరికి పెట్టడానికి కాదు కదా, పిల్లలకు పెట్టడానికే గింజ లేదు. ఎవరో దయతలచి తెచ్చిపోసిన నీళ్లతో గుమ్మంలో కూర్చుని ఉండేది. పెద్దమ్మ రెండు రోజులు చూసింది. మూడో రోజు గుడిలో ఉన్న దేవుడి బియ్యం గోనె వాళ్ల వాకిట్లో దింపించింది. ఆ సాయంత్రమే ఊరు భోంచేసింది. మర్నాడు ఆ ఎదురింటావిడ కూలికి వెళ్లింది.

చిక్కేమిటంటే, ఆ భోజనంలో మొదటి ముద్ద చనిపోయినవాడి పేరున ఆకులో పెట్టి ఊరి బయట వదులుతారు. ఆ సంగతి కొండలో పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు, పెద్దమ్మకూ తెలుసు. గుడి సంఘపెద్ద మా నాన్నే. మా ఇంటి అరుగు మీదే పంచాయతీ జరిగింది.

"దేవుడి బియ్యం పట్టుకెళ్లి దెయ్యానికి పెట్టీసినావు వదినా" అన్నాడు నాన్న.

"ఆకలికి పెట్టినాను బాబూ. ఆళ్లు ముద్ద ఎవుడికి తీసినారో నాకేల? నేను మెంబర్ని గుడి కొంపలకేనేటి, ఊరికి కాదా?"

"అయితే పంచాయతీ బియ్యం పెట్టాల."

"పంచాయతీకి కుర్చీయే నేదు, బియ్యమెక్కడివి?"

నాన్నకు నవ్వు రాబోయింది. కానీ పెద్దరికం అడ్డొచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ దేవతలను వదిలి రావడానికి తన తండ్రి ఎన్ని తన్నులు తిన్నాడో వింటూ పెరిగిన మనిషి. ఒక్క ముద్ద అటు జారితే అంతా జారుతుందని ఆయన భయం. తప్పయిందని సంఘం ముందు ఒప్పుకునేదాకా పెద్దమ్మకు బల్ల లేదని తీర్మానం చేశారు.

తప్పనిపించనిదాన్ని తప్పయిందని దేవుడి ముందు ఎలా అంటానంది పెద్దమ్మ. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ప్రతి ఆదివారం అందరికన్నా ముందే వచ్చి తలుపు పక్కన, వెనక చాప మీద కూర్చునేది. బల్ల ఇచ్చే రోజు రొట్టె పళ్లెం ఆవిడ ముందు నుంచే పోయేది, ఆగేది కాదు. మొదట్లో నాకు ఏడుపొచ్చేది. తర్వాత రావడం మానేసింది. ఇంట్లో నాన్న, పెద్దమ్మ ఉప్పూ కారం గురించి మాట్లాడుకునేవారు, వాన గురించి మాట్లాడుకునేవారు. మేమందరం దానికి అలవాటుపడిపోయాం. "బాధగా లేదా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "ముందుండేది గుంటా. ఇప్పుడు ఏటీ నేదు. తిమ్మిరెక్కిన కాలునాగుంది" అంది చింతపండు గింజలు తీస్తూ.

ఆవిడ మంచాన పడ్డాక పాస్టరుగారు జాలిపడి రొట్టె, గిన్నె ఇంటికే తెచ్చారు. నాన్న మంచం పక్కన నిలబడి "నోటితో అననక్కర్నేదు వదినా, ఊరికే తలూపీ, సాలు" అన్నాడు. ఆ గొంతు బతిమాలుతున్నట్టే ఉంది. పెద్దమ్మ కళ్లు తెరిచి ఆ రొట్టె వంక చాలాసేపు చూసింది. ఆవిడకు అది కావాలి. అది మాకందరికీ తెలుస్తూనే ఉంది. తల మాత్రం ఊపలేదు. పాస్టరుగారు గిన్నె మీద గుడ్డ కప్పి తీసుకెళ్లిపోయారు. తెల్లారేసరికి పెద్దమ్మ పోయింది. నేను ఏడవలేదు. వచ్చినవాళ్లకు టీలు కాచాను, గ్లాసులు కడిగాను. గుడి ఎదురింటావిడ మా గుమ్మం దాటకుండా బయటే కూలబడి, మా అందరి బదులూ ఏడ్చింది.

పోయిన వానల్లో రోడ్డు మళ్లీ జారింది. మళ్లీ ఒక కొండదేవతల ఇంట్లో చావు. నాన్న నా ఫోనుకు ఒక ఫొటో పంపించాడు. మా గుడి ముందు ఫ్లెక్సీ కట్టారు. చేతికర్రతో నాన్న మధ్యలో నిలబడి, ఆ ఇంటి విధవరాలికి దేవుడి బియ్యం అందిస్తున్నాడు. మంచి పనే. వెంటనే ఫోన్ చేసి, "మొదటి ముద్ద ఎవరికి తీశారు నాన్నా?" అని అడిగాను. ఎత్తిపొడుద్దామని కాదు, నోట్లోంచి వచ్చేసింది. "కాలం మారిపోనాది కదే గుంటా" అన్నాడు నాన్న.

కోపం వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు. సంతోషమూ రాలేదు. కాలం మారింది, కాదనను. పెద్దమ్మ ఉండగానే మారాలన్న తొందర దానికి లేకపోయింది, అంతే.