అయిదున్నరకు కవి లేడు

నా అంత్యఘడియను నేనే, నా దస్తూరీతో, నిమిషంతో సహా రాసుకున్న సంగతి చెబుతాను. పక్కన ఎవరైనా ఉన్నప్పుడే చదవండి.

ఎనభైలలో, తిరుపతిలో ఒక మిద్దె గదిలో కాపురముంటూ, ఒక్క పగటిలో వెయ్యి పంక్తుల దీర్ఘకవిత రాశాను. మామూలు కవిత కాదు, ప్రయోగం! గడియారం ఎదురుగా పెట్టుకుని, ఏ నిమిషాన ఏది జరిగితే ఆ నిమిషానే అది రాయాలి. రాసే చెయ్యి కూడా కవితలోకి రావాలి. కొట్టివేతలు నిషిద్ధం. ఆదివారం సభలో చదువుతానని ఊరంతా చాటేశాను కూడా.

సరే, వెయ్యి కాదులెండి. మధ్యాహ్నానికి నూట పదమూడు. వాటిలో సగం "రాస్తున్నాను" అనే మాటే. అన్నం తిన్నాక రెప్పలు వాలిపోతుంటే, సాయంత్రం జరగబోయేవి ముందే రాసేసి పడుకున్నాను:

"నాలుగు: కింద కుట్టుమిషను ఆగింది.
నాలుగూ పది: తలుపు మీద మూడు దెబ్బలు. తీస్తే ఎవరూ లేరు.
అయిదున్నర: కలం రాలింది. కుర్చీలో కవి లేడు."

మెలకువ దేనికి వచ్చిందంటారా? నిశ్శబ్దానికి. కింద టైలరు మస్తాన్ మిషను ఆగిపోయింది. గడియారంలో సరిగ్గా నాలుగు. ఏదో కలిసొచ్చిందిలే అనుకుని మొహం కడుక్కుంటున్నాను.

టక్. టక్. టక్.

తలుపు తీశాను. గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు.

"మస్తానూ! పైకెవరొచ్చినారప్పా?"

"నేను మెట్ల కాడే కాజాలు కుడతా ఉండా సామీ. ఈగ కూడా ఎక్కలా."

నోటుబుక్కు తీసుకుని రెండేసి మెట్లు దిగి చూపించాను. మస్తాన్ చదివి చివరి పంక్తి మీద వేలు పెట్టాడు.

"ఆ కడాపటి మాట కొట్టెయ్ సామీ."

"కొట్టివేతలుండకూడదబ్బా! ప్రయోగం చెడిపోతాది."

"నువ్వే పోయినంక ఆదివారం యెవురు సదువుతారు, నేనా?"

ఇద్దరు మేధావులం కలిసి ఉపాయం కనిపెట్టాం. అయిదున్నరకు కవి కుర్చీలో ఉండితీరాలి. అంతే, మస్తాన్ లైనింగు గుడ్డ తెచ్చి, నన్ను నూలుకండెలా కుర్చీకి చుట్టేశాడు.

"బిగువుగా ఉండాదా?"

"ఇంకో చుట్టు చుట్టప్పా."

పెద్దముల్లు ఆరు మీదికి పాకింది. చెమట పట్టిన వేళ్ళలోంచి కలం జారింది. "రాలినాది!" అని మస్తాన్ కేక. పట్టుకోబోయి కట్లతో సహా బోర్లా పడ్డాను. కుర్చీలో కవి లేడు. కవి మీద కుర్చీ ఉంది.

తరువాత తెలిసింది, అదంతా మా ఆవిడ చేష్ట అని. నేను నిద్రపోతుంటే నోటుబుక్కు చదివి, తలుపు తట్టి, పిల్లిలా డాబా మీదికి ఎక్కేసిందట. ఏమైతేనేం, పగిలిన నా ముక్కు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇంకా రాని నిమిషం గురించి ఇక ఒక్క అక్షరమూ రాయను.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె చింతపండులో గింజలు తీస్తున్నదల్లా ఆగింది.

"అబద్ధమాడితే ఆడినావు, నన్నెందుకు ఇరికించేది? ఆ వారమంతా నేను పాకాల్లో మా నాయనింట్లో ఉంటిని."