ముగ్గురాయి పక్కనున్న పచ్చగోడ

ఈ ప్రయాణం ఒక గొడవతో మొదలైంది. అనంతపురంలో మా వీధి చివరి కొట్లో కేజీ ముగ్గుపిండి కొన్నాను. చూస్తే పొట్లం ఇంతే ఉంది. ఏళ్ల తరబడి హైస్కూల్లో సైన్సు చెబుతున్నదాన్ని, నా కళ్లకే గంతలు కడతాడా అని కొట్టాయన మీద లేచాను. ఆయన మారుమాటాడకుండా పొట్లం కాటాలో పెట్టాడు. సరిగ్గా కేజీ. బియ్యప్పిండి కాదు, రాతిపిండి, తాడిపత్రి దిక్కు నుంచి వస్తుంది, అందుకే అంత బరువు అన్నాడు. నోరు మూసుకుని ఇంటికొచ్చాను. క్లాసులో బెరైటీస్ అని బోర్డు మీద రాసేదాన్నే గానీ, ముగ్గురాయి నేలలో ఎలా ఉంటుందో ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. సెలవుల్లో మా ఇంట్లోవాళ్లు ఊటీ అంటుంటే నేను తాడిపత్రి దగ్గర ముగ్గురాయి దొరికే యాడికి అనే ఊరికి బస్సు టైము కనుక్కున్నాను.

పొద్దున ఆరున్నరకు అనంతపురం బస్టాండులో తాడిపత్రి బస్సెక్కితే ఎనిమిదిన్నర లోపు దిగొచ్చు. అక్కణ్ణుంచి యాడికికి ముప్పావుగంట వేసుకోండి. రెండు టిక్కెట్లూ కలిపి రెండు వందలు దాటవు. దారి పొడవునా దున్ని వదిలేసిన చేలు. శనక్కాయ విత్తనాలు ఇంట్లో పెట్టుకుని కూర్చున్నాం, వాన కిందటేడులాగే చేస్తే ఏం తినాలి అని వెనక సీట్లో ఇద్దరు రైతులు దిగేదాకా అదే మాట్లాడుకున్నారు. యాడికిలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని ఆటో మాట్లాడాను. ఓబులేసు అనే కుర్రవాడు, పాతికేళ్లుంటాయి. పాత ముగ్గురాయి గుంతలు చూసి రావడానికి ఎనిమిది వందలు అడిగాడు. సైన్సు టీచర్నని తెలియగానే ఐదు వందలు చాలన్నాడు. బేరమాడకుండానే ఆటోవాడు తగ్గించాడంటే ఏదో ఉందని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఊరు దాటాక విషయం చెప్పాడు. వాళ్ల నాయన ఈ గుంతల్లోనే రాయి కొట్టేవాడు. ఓబులేసు బడికి పోయే వయసులో ఉండగా, గోడ విరిగి మీద పడి ఆయన చనిపోయాడు. ఆ తర్వాత గుంత మూతపడింది. ఇప్పుడు రాయికి మళ్లీ గిరాకీ వచ్చింది. అడుగున మిగిలిన తెల్లరాయి తీసిస్తే మంచి రేటు ఇస్తానని ఒక కాంట్రాక్టరు చెప్పాడట. సోమవారం నుంచే దిగాలని ఇతని ఆలోచన. తల్లి నారాయణమ్మ ఒప్పుకోవడం లేదు.

"మీరు గోడ చూసి, గట్టిగుండాది అని మాయమ్మకు ఒక్క మాట చెప్పల్ల మేడమ్. సదువుకున్నోళ్లు చెప్తే వింటాది."

నాకు ఒళ్లు మండింది. రాయి చూద్దామని వచ్చినదాన్ని, ఒక మనిషి ప్రాణం నా నోటి మాటకు కట్టేస్తాడా? చూసిందే చెబుతాను, నువ్వు చెప్పమన్నది చెప్పను అన్నాను. అతను తలూపి ఆటో పోనిచ్చాడు.

ఆ గుంత నిజానికి గుంత కాదు, కొండవాలులో పొడవుగా కోసిన ఇరుకు సందు. అంచున నిలబడి చూస్తే రెండు నిటారు గోడలు, అడుగున పాలలాంటి తెల్లని చార. అదే ముగ్గురాయి. గోడలు పైన నల్లగా ఉన్నాయి. భూమి లోపలి నుంచి కరిగి ఉబికి వచ్చి, గట్టిపడిన అగ్నిశిల అది. సంచిలోంచి సుత్తి తీసి తడితే కంచులా మోగింది; ఒక చిన్న ముక్క కొట్టి సంచిలో వేసుకున్నాను. కానీ ఆ నలుపు తెల్లచారకు దగ్గరయ్యే కొద్దీ పచ్చబడింది. చారను ఆనుకున్నచోట పాచిరంగు.

నేనింతకాలం బోర్డు మీద బాణం గుర్తులతో చెప్పిన పాఠం అక్కడ నిలువునా నిలబడి ఉంది. ఒకప్పుడు ఈ నేల అడుగున వేడి ఉండేది. మరిగిన నీళ్లు నల్లరాయి పగుళ్లలో తిరిగాయి. ఊరికే తిరగలేదు. రాయిలోని పైరాక్సీన్ అనే గట్టి ఖనిజాన్ని మెత్తని పచ్చ క్లోరైటుగా మార్చాయి. ఫెల్డ్‌స్పార్ అనే ఇంకో ఖనిజాన్ని బంకమట్టి చేసి, అందులోని బేరియం అనే లోహాన్ని లాక్కున్నాయి. చల్లారేటప్పుడు ఆ బేరియాన్నే పగుళ్లలో తెల్లరాయిగా వదిలి వెళ్లాయి. అంటే ముగ్గురాయి ఎక్కడ బాగా పడిందో, పక్కనున్న గోడ అక్కడే బాగా చెడిపోయింది. ఇది పరీక్షలో ఎవరూ అడగరు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

ఓబులేసు ఒక పక్క వాలుగా ఉన్నచోట దిగి, గడ్డపారతో పచ్చగోడను రెండు పోట్లు పొడిచాడు. గోడ కదల్లేదు. చూశారా అన్నట్టు నావైపు చూశాడు. ఊడిన ఒక పెచ్చు అడిగి తీసుకుని గోటితో గీస్తే గీత పడింది. మీ నాయన పోయింది ఎండాకాలమా అని అడిగాను.

"ల్యా. మంచి వాన పడిన మూడో దినం. ఊరంతా విత్తనానికి పోతే, మా నాయన ఈడికొచ్చినాడు."

ఆ మాట అన్నాక అతను ఎక్కువసేపు అక్కడ నిలబడలేదు.

వాళ్ల ఊరు రోడ్డు పక్కనే. తల్లి ఇంటి ముందే టీ అంగడి నడుపుతుంది. లారీల నుంచి రాలిన పిండితో రోడ్డు అంచులు తెల్లగా ఉన్నాయి. ప్రతి వాకిట్లో ముగ్గుంది. నారాయణమ్మ వాకిట్లో మాత్రం లేదు. ఊడ్చినట్టు కూడా లేదు. నేను అటే చూడటం గమనించి, ఆయన పోయినప్పటి నుంచి వెయ్యలేదని, ఆ రాతిపిండి చేత్తో పట్టుకోలేనని తనే చెప్పింది. తర్వాత కొడుకు ముందే సూటిగా అడిగేసింది.

"సూసొచ్చినావు కదా మేడమ్. ఏముండాది ఆడ?"

నాకు ఖచ్చితంగా తెలియదన్నాను. తెలుసుకునే దారి ఒకటుందని రెండు గ్లాసుల్లో నీళ్లడిగాను. ఒకదాంట్లో నల్లరాయి ముక్క, ఇంకోదాంట్లో పచ్చ పెచ్చు వేశాను. ముగ్గురం టీ తాగుతూ కూర్చున్నాం. మొదట ఏమీ కాలేదు. ఓబులేసు ముఖం తేటబడింది. కాసేపటికి పచ్చ పెచ్చు అంచు ఉబ్బి, ఒక పొర జారింది. ఇంకొకటి జారింది. మా టీలు అయ్యేసరికి గ్లాసు అడుగున బురద మిగిలింది. పక్క గ్లాసులో నల్లరాయి వేసింది వేసినట్టే ఉంది.

ఎండలో అది రాయి, తడిస్తే మట్టి అని చెప్పాను.

నారాయణమ్మ ఆ గ్లాసునే చూస్తూ అంది: "వానకు ఊరంతా మొక్కుతాండారు మేడమ్. వీడు గుంతలోకి దిగుతాననిన కాడ్నుంచి నేనొక్కదాన్ని పడొద్దనుకుంటాండా. ఇంత కరువులో అట్లనుకునేది పాపం కాదా?"

ఓబులేసు వేలు ముంచి బురద తీసి, రెండు వేళ్ల మధ్య నలిపాడు. నాయన తెల్లరాయి దిక్కే చూసింటాడు, గోడ దిక్కు చూసిండడు అన్నాడు. తర్వాత తల్లితో, "గుంతలోకి పోనులేమా," అన్నాడు. ఇప్పుడట్లే అంటావు, వాన పడేదాకా నమ్మను అని ఆమె లేచి గ్లాసులు కడగడానికి వెళ్లింది. సాయంత్రం నాలుగింటి బస్సుకు అతనే దింపాడు.

వాన జూన్‌లో పడింది. మా వీధిలో పిల్లలు తడుస్తూ గంతులేస్తుంటే నాకు భయమేసింది. వాన చూసి భయపడటం ఈ జిల్లాలో పుట్టి నాకదే మొదటిసారి. రెండు రోజుల తర్వాత ఓబులేసు ఫోన్ చేశాడు. రాత్రి పచ్చగోడ మొత్తం కూలిందట, తెల్లచార కనబడకుండా పూడిపోయిందట. లోపల ఎవరూ లేరు. అమ్మ ఏం చేస్తోందని అడిగాను. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లుతోందన్నాడు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. భూమి ఒక చేత్తో తెల్లగా ఇచ్చి, ఇంకో చేత్తో పచ్చగా మెత్తబరిచి పెట్టింది. అది ఎవరి మీదా పగ కాదు. రెండింటినీ కలిపి చూడటం మనమే నేర్చుకోవాలి.

చూడాలనుకునేవాళ్లకు ఒకటే మాట. ఎండాకాలంలోనే వెళ్లండి, గుంతలోకి దిగకండి, నల్లరాయి మీదే నిలబడండి. కాళ్ల కింద రాయి పచ్చబడిందంటే, ఎదురుగా ఎంత తెల్లగా మెరుస్తున్నా సరే, వెనక్కి వచ్చేయండి.