నేను కడిగిన అంబలి కుండ

ఇప్పుడంటే ఒక పరిశోధకుడి విలువెంతో ఎవరైనా ఇంట్లో కూర్చుని క్షణంలో చూసేయవచ్చు గానీ, ఆ రోజుల్లో అలా కుదిరేది కాదు. మన వ్యాసాన్ని ఎవరైనా ఉదహరించారో లేదో తెలియాలంటే లైబ్రరీలో దుమ్ము పట్టిన సంపుటాలు తిరగేయాలి, లేదా 'మీ వ్యాసం ప్రతి ఒకటి పంపగలరు' అని ఏ విదేశం నుంచో కార్డు వస్తుందేమోనని పోస్ట్‌మాన్ దారి కాయాలి. డెబ్బైల మొదట్లో సూక్ష్మజీవుల మీద పరిశోధనకు చేరిన నేను, ఒక్క అక్షరం రాయకముందే ఆ కార్డుల గురించి కలలు కనేవాణ్ణి. కలలో ఏదో సూక్ష్మజీవికి నా ఇంటిపేరు పెట్టేవారు. (మా ఇంటిపేరు పలకడానికి మా చుట్టాలకే నోరు తిరగదు, అది వేరే సంగతి.) "నలుగురు ఉదహరించని పేపరు రాసినా రాయనట్టేనోయ్" అనేవారు మా గురువుగారు.

నా పని అంబలిని పులియబెట్టే జీవుల మీద. వారంలో మంచి నమూనా తేకపోతే ఫెలోషిప్ ఇంకొకరికి పోతుందని మెల్లగా హెచ్చరించి, గురువుగారు నన్ను అరకు పైనున్న ఓ కొండ ఊరికి పంపారు. అక్కడ నాకు తిండీ నీడా ఇచ్చిన పెద్దావిడను ఊరంతా ఎగువింటమ్మ అనేవారు. వాలు మీద అన్నిటికన్నా పైనున్న ఇల్లు ఆవిడది. ఆవిడ పోసిన చోడి అంబలి (మన రాగి అంబలే) తాగి, అరుగు మీద కూర్చుని, వలిసె చేల పూల పసుపు మీదుగా మంచు నడిచిపోతుంటే చూస్తూ, నా పరిశోధన సగం అయిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ పోడుకి వెళ్లింది. అంబలి కుండ అడుగున కాస్త మిగిలి ఉంది. మెడ చుట్టూ ఏళ్లనాటి పొర పేరుకుని ఉంది. నమూనా తీసే పాత్ర శుభ్రంగా ఉండాలన్నది ప్రయోగశాలలో నాకు నూరిపోసిన మొదటి పాఠం. కడిగిన కుండలో ఆవిడ కొత్తగా పోశాక తీస్తే కల్తీలేని నమూనా వస్తుంది, పైగా తిండి పెట్టే మనిషికి ఒక పని చేసిపెట్టినట్టూ ఉంటుంది. కుండను కింద పారే గెడ్డకు, అంటే వాగుకు, మోసుకెళ్లి, అడుగున ఉన్నది పారబోసి, బూడిదతో తోమాను. అక్కడితో ఊరుకున్నా ఏదో ఒకటి బతికేదేమో. ఇంటికొచ్చి మరుగుతున్న నీళ్లు కూడా పోశాను. (చదువుకున్నవాణ్ణి కదా, అరకొరగా చేయలేను.)

ఎండలో బోర్లించిన కుండను చూసి ఎగువింటమ్మ నెత్తి మీది కట్టెల మోపు దించడం కూడా మరిచిపోయింది.

"ఏటి సేసినావు బాబూ? కడిగీసినావా?"

"వేణ్ణీళ్లతో కూడానమ్మా" అన్నాను గర్వంగా.

"ఓలమ్మో! అది మాయత్త ఇచ్చిన పులుపు. ఆయమ్మకి ఆలత్త ఇచ్చింది. అడుగున ఉంచిన ఆ కూసింతతోనే రేపటిది పులుత్తాది బాబూ" అంటూ మోపు పడేసి చతికిలబడి, చిన్నపిల్లలా ఏడ్చింది. నేను వెతుక్కుంటూ వచ్చిన జీవులన్నిటినీ ఒక్కటి మిగలకుండా నేనే చంపాను. నా ఫెలోషిప్ సంగతి సరే, తరాలుగా బతికించుకొచ్చిన ఆవిడ పులుపును ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?

కాసేపటికి ఆవిడే కళ్లు తుడుచుకుంది. "ఊరోలకిచ్చిన పులుపు మల్లీ అడక్కూడదు. మా గుంటకి పెళ్లప్పుడు పులుపెట్టి పంపినాను. అదుంచిందో లేదో. బేగి నడు" అంది. ఇద్దరం సాయంత్రపు మంచులో కొండ దాటాం. దారిలో ఒక్కొక్క ఇల్లూ చూపిస్తూ, "ఈలకి నానే ఇచ్చినాను. ఆలకి ఈలిచ్చినారు" అంటూ పోయింది, ఆ కబురు చెప్పినప్పుడల్లా గొంతులో కాస్త ధైర్యం పుంజుకుంటూ. నాకు అదంతా నిజంగా నడుస్తున్నట్టు లేదు, కలలో తేలుతున్నట్టు ఉంది.

ఆవిడ కూతురు జరిగింది విని కడుపు పట్టుకుని నవ్వింది. ఆనపబుర్ర నిండా అంబలి పోసి తల్లికిచ్చి, నా గాజు గొట్టంలోకీ కాస్త వంపి, "మరి నీ కాయితంలో మాయమ్మ పేరు రాత్తావా?" అని అడిగింది. రాస్తానన్నాను. మర్నాడు పొద్దున ఎగువింటమ్మ కొత్త అంబలి వేలితో నాకి చూసి, నా వంక చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాకే నాకు ముద్ద దిగింది.

ఫెలోషిప్ నిలిచింది, పేపరూ అచ్చయింది. 'ఎగువింటమ్మ కుండ' అని నేను రాసిన చోట గురువుగారు ఎర్రసిరాతో కొట్టేసి 'స్థానిక నమూనా' అని దిద్దారు. నేను కిమ్మనలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆ పేపరును ఉదహరించినవి మూడు. రెండు నేనే రాసుకున్నవి. మూడోది ఎవరో దూరదేశపాయన, నా ఫలితాలు తనకు రాలేదని రాసింది.

ఉద్యోగంలో స్థిరపడి, జుట్టు పలచబడ్డాక, మళ్లీ ఆ కొండలకు వెళ్లాను. ఎగువింటమ్మ పోయిందని తెలిసి, కొండ దాటి కూతురింటికి నడిచాను. అక్కడున్న ఎగువింటమ్మ మనవరాలు నన్నెరగదు. ఆకు దొప్పలో అంబలి పోసింది.

"ఈ పులుపు ఎక్కడిదమ్మా?"

"మాయమ్మదండి. మాయమ్మకి మాయమ్మమ్మిచ్చింది. మల్లీ మాయమ్మే ఆయమ్మకిచ్చింది."

"అదేం?" అన్నాను, తెలియనట్టు.

"ఎవుడో సదువుకున్న బాబొచ్చి కుండ కడిగీసినాడంటండి! ఏన్నీల్లు కూడా పోసీసినాడంట! ఈ కొండల్లో ఏ ఇంటికి కొత్తకోడలొచ్చినా ముందీ కతే సెబుతారు."

ఆ బాబుని నేనేనని చెప్పబోయి ఆగిపోయాను. గర్వంగా బూడిదతో కుండ తోముతున్న ఆ పాతికేళ్ల కుర్రాణ్ణి తలచుకుంటే కోపం రాలేదు, జాలీ ముద్దూ వచ్చాయి. ఇన్ని ఇళ్లలో, ఇంత శ్రద్ధగా, తప్పు లేకుండా నన్ను ఉదహరిస్తుంటే మధ్యలో అడ్డు తగలడం ఎందుకు? ఇంకో దొప్పెడు పోయించుకుని, కత మొత్తం మొదటి నుంచి చెప్పమన్నాను.