తలుపు చాటు గొంతు

మా బావగారు, అంటే నా భర్తకు అన్న, గుర్తొస్తే ముందు ఆయన ప్రశ్నే వినిపిస్తుంది. "ఇనవడ్తుందా?"

నిజాం రోజుల్లో, అమరచింతలో. ఆయనకు ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. తాయెత్తులన్నీ అయ్యాక మా అత్త ఆయన్ను మళ్లీ మగ్గం ముందు కూర్చోబెట్టింది. అది జబ్బని ఆయనకూ తెలుసు. అందుకే నేస్తూ నేస్తూ ఆగి, ఆ మాట మాకూ వినిపిస్తోందా అని అడిగేవాడు. అత్త "లేదు బిడ్డా" అంటే చాలు, నూలు కండె ఉన్న నాడె మళ్లీ మగ్గం మీద అటూ ఇటూ ఆడేది.

నేను మాత్రం జవాబు చెప్పేదాన్ని కాదు. తమ్ముడి భార్య గొంతు బావగారికి వినపడకూడదన్నది ఆ ఇంటి పద్ధతి.

ఒక పొద్దున అందరూ కొత్త పడుగు నూలుకు గంజి పట్టడానికి వీధిలోకి పోయారు. వంటింట్లో ఉన్న నాకు మగ్గం ఆగినట్టు తెలిసింది. తొంగిచూస్తే, సగం నేసిన చీర పడుగు దారాల మీద ఆయన కత్తెర ఆనించి ఉన్నాడు.

"కొయ్యి కొయ్యి అంటుండ్రు. అమ్మా, ఇనవడ్తుందా?"

అత్త వీధిలో ఉంది. కత్తెర తెరుచుకుంది.

"లేదు బావా, ఏం ఇనవడ్తలేదు," అన్నాను తలుపు చాటు నుంచి.

ఆయన బెదిరిపోయాడు. "ఇదెవరు? ఇంకో కొత్త గొంతు వచ్చింది."

ఆయన నా గొంతు ఎన్నడూ వినలేదు. ఆయనకు నేనూ ఆ లేని మనుషుల్లో ఒకదాన్నే.

గడప దాటి వెళ్లి ఆయనకు ఎదురుగా కూర్చున్నాను.

ఆయన నా పెదవుల వైపే చూస్తూ, "మల్ల జెప్పు," అన్నాడు.

చెప్పాను. కత్తెర నా చేతిలో పెట్టి, నాడె అందుకున్నాడు.