వంకలో గీసిన చుక్కల దారి

నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. నా చేతికి సభలు అప్పగించేవాళ్ళకి పిచ్చయినా ఉండాలి, వేరే దిక్కయినా లేకుండా ఉండాలి అని మా ఆయన ఆటపట్టిస్తాడు. నేను మాత్రం సభలకి పిరికివాళ్ళే పనికొస్తారని గట్టిగా నమ్ముతాను. ధైర్యవంతులు మందుల పెట్టె మరిచిపోతారు.

ఐరాల దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని నేను. బడి అయ్యాక నాకు ఇంకో లోకం ఉంది. ప్రపంచమంతటా కొన్ని వేలమందిమి, జీతం బత్తెం లేకుండా, కలిసి ఒక పటం గీస్తుంటాం. ఎవరి ఊళ్ళో దారులు, బావులు, బడులు వాళ్ళు గీస్తారు. కాలు పెట్టలేని చోట్లని ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసి ఇంట్లో కూర్చునే గీస్తాం. అలా గీసినదాన్ని అక్కడికి వెళ్ళినవాళ్ళెవరో నడిచి చూసేదాకా నమ్మకూడదని మా నియమం. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నేనే.

మేమంతా రెండేళ్ళకోసారి ఏదో ఒక దేశంలో కలుస్తాం. ఆసారి వంతు తిరుపతికి వచ్చింది, ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. పడ్డాయనడం కూడా అబద్ధమే. మా దాంట్లో ఎవరూ ఎవరికీ పని చెప్పరు. అందరం చూసే ఒక షీటు ఉంటుంది, పని ఎదురుగా ఎవరు పేరు రాసుకుంటే ఆ పని వాళ్ళది. నేను కంగారులో సగం షీటుకి నా పేరే రాసుకున్నాను. వీసా ఉత్తరాలు, ఎవరు ఏం తింటారు, ఎవరికి మెట్లు ఎక్కే ఓపిక లేదు, ఎవరికి పల్లీలు పడవు, అన్నీ నావే.

వచ్చేవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. అరవై ఏడేళ్ళు, కొండల దేశంవాడు, రిటైరైన బడిపంతులు. షుగరు ఉంది, టైముకి తినాలి. ఆయన కూతురు నాకు విడిగా ఉత్తరం రాసింది. నాన్న చెప్తే వినడు, కొండ కనిపిస్తే ఆగడు, మీరే చూసుకోవాలి అని. మా ఇంటి పెద్దని చూసుకున్నట్టు చూసుకుంటానని రాసి, షీటులో ఆయన ఎదురుగా నా పేరు రాసుకున్నాను.

సభ జరిగింది అలిపిరికి ఇవతల, అడవి అంచున ఉన్న ఒక కల్యాణమండపంలో. కార్తీకమాసం. మొదటిరోజు బాగానే గడిచింది. రెండోరోజు మధ్యాహ్నం అందరినీ వరసల్లో కూర్చోబెట్టి ఆకుల్లో వడ్డించాం. చేతులతో ఎలా కలుపుకోవాలో ఒకరికొకరు నేర్పుకుంటూ నవ్వుకుంటున్నారు. వడ్డించేవాళ్ళ మేస్త్రీ నా దగ్గరికి వస్తే నేను మజ్జిగ సంగతేమో అనుకున్నాను.

"మేడమ్, ఒక ఆకు మిగిలిపోయిండాది. వడ్డించేసినాం, మనిషి రాలా," అన్నాడు.

మూడో వరసలో ఒక ఆకు. అన్నం మీద పప్పు, పప్పు మీద నెయ్యి, నెయ్యి అప్పటికే పేరుకుంటోంది. ఎవరి ఆకో ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది.

కొండల దేశం పెద్దాయన గదిలో లేడు. ఫోను మోగడం లేదు. సత్యవేడు నుంచి వచ్చిన అన్న ఒకాయన నాతోపాటు ఏర్పాట్లు చూస్తున్నాడు. ఎరువుల కొట్టు నడుపుతాడు, సెలవురోజుల్లో చెరువు కట్టలు గీస్తాడు. ఆయన్ని అడిగితే తేలిగ్గా చెప్పేశాడు.

"పొద్దున మెట్లదారి యాడుండాది అని అడిగినాడు. మన మ్యాపులో సూసుకోండి సార్, ఈడ్నించే దారుండాదని చెప్పినా. సంతోషంగా పోయినాడు."

నేను ఫోను తీసి మా పటం తెరిచాను. మండపం వెనక గోడ దగ్గర మొదలై, అడవిలోంచి వంకర్లు తిరుగుతూ, కొండమీదికి వెళ్ళే మెట్లదారిని కలుస్తూ ఒక చుక్కల గీత. మా పటంలో చుక్కల గీతంటే కాలిబాట. మా పటంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఏ గీత మీద వేలు పెట్టినా దాన్ని ఎవరు గీశారో చూపిస్తుంది. నేను వేలు పెట్టలేదు. అవసరం లేకపోయింది.

అప్పటికి మూడేళ్ళ కిందట ఒక ఆదివారం. ప్రపంచంలోని కొండదారులన్నీ గీద్దామని మావాళ్ళు ఒక పోటీ పెట్టారు, ఎక్కువ గీసినవాళ్ళకి ఒక టీషర్టు. పొద్దున కాఫీతో కూర్చున్నదాన్ని సాయంత్రం దీపం పెట్టే వేళకి లేచాను. దేశదేశాల కొండలు తిరిగొచ్చాను, కుర్చీ కదలకుండా. మధ్యలో మన కొండ కూడా ఒకటి వేద్దామనిపించి తిరుపతి తెరిచాను. చెట్ల మధ్య తెల్లటి సన్నని గీత కనిపించింది. గీసేశాను. చివర మెట్లదారికి కాస్త దూరంలో ఆగిపోతే, ఎలాగూ కలుస్తుందిలే అని కలిపేశాను. టీషర్టు నాకే వచ్చింది. మా ఆయన అది వేసుకుని స్కూటర్ కడుగుతుంటాడు.

అది బాట కాదు. ఎండాకాలంలో తీసిన ఫొటోలో ఎండిపోయిన వంక, వాన పడితేనే పారే కొండవాగు. తెల్లగా కనిపించింది ఇసుక. ఈ సంగతి నాకు ఎప్పుడు తెలిసిందంటే, ఆ వడ్డించిన ఆకు పక్కన నిలబడి ఫోను చూస్తున్నప్పుడు, ఒక్క క్షణంలో. పల్లెలో పుట్టినదాన్ని. చిన్నప్పుడు మా ఊరి వంక ఇసుకలో ఆడుకుంటుంటే మా నాయన పరుగున వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్ళాడు. "వంకలో నడవబాకు మే. పైన వాన పడితే ఈడ మనకి తెలీదు" అన్నాడు. ఆయన నన్ను తిట్టకుండా భయపెట్టింది ఆ ఒక్కసారే. తలెత్తి చూస్తే కొండమీద మబ్బు నల్లగా దిగి ఉంది.

ఇప్పుడు రాయబోయేది రాయడం నాకు కష్టం. నేను నోరు తెరవలేదు. ఆయన మెట్లదారికి చేరి ఉంటాడని అందరూ అనుకున్నారు. పటంలో దారి ఉంది కదా. మనుషులు రెండు ఆటోల్లో అలిపిరికి బయల్దేరారు, మెట్లమీద వెతకడానికి. వెళ్ళండి వెళ్ళండి అని నేనే తొందరపెట్టాను. లోపల ఒక గొంతు, వాళ్ళకి అక్కడే దొరుకుతాడేమో, అప్పుడు ఎవరికీ తెలియక్కర్లేదు అంటోంది. నడిచి చూడని దారిని నమ్మొద్దని పదేళ్ళుగా అందరికీ పాఠం చెప్పినదాన్ని. ముప్ఫై దేశాల వాళ్ళు ఆ గీత మీద వేలు పెట్టి నా పేరు చూస్తారన్న భయం, ఒక మనిషి చచ్చిపోతాడేమోనన్న భయం కన్నా ముందు వచ్చింది. దానికి నేను సిగ్గుపడుతున్నాను. పదిహేను నిమిషాలు అలాగే ఉన్నాను.

ఉరిమింది. సత్యవేడు అన్న చొక్కా పట్టుకున్నాను.

"అన్నా, అది దారి కాదు. వంక. గీసింది నేనే."

"ఎప్పుడన్నా ఆడికి పోయినావా?"

"లేదన్నా."

ఆయన నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. "ఎవురు గీసినారో తర్వాత సూద్దాం. ముందు నడువు పాపా," అని మాత్రం అన్నాడు.

రోడ్డు మీద అడవి గార్డు ఒకతను కనబడితే అతన్నీ వెంటబెట్టుకున్నాం. సంగతి వినగానే అతని మొహం మారింది. ఈ కాలంలో అందులోకి మేమే దిగం అన్నాడు. ముగ్గురం గోడ పక్కనుంచి లోపలికి వెళ్ళాం. ఇసుక మీద బూటు గుర్తులు కనిపించాయి, నేను గీసిన గీత వెంబడే, నేను తిప్పిన ప్రతి మలుపు తిరుగుతూ. ఆయన గీతని ఎంత నమ్మాడో ఆ అడుగులు చూస్తే తెలిసింది. నాకు ఏడుపు వచ్చింది. ఎలుగుబంటి, చిరుత అన్న మాటలు గార్డు అనలేదు, కానీ చేతికర్రతో బండల్ని తట్టుకుంటూ నడిచాడు.

రెండు మలుపుల తర్వాత రాళ్ళ సందుల్లో సన్నగా నీళ్ళు కనిపించాయి. ముందు తేటగా ఉన్నాయి. కాసేపటికి ఎర్రబడ్డాయి. గార్డు వంగి నీళ్ళు చేత్తో తీసి చూసి, "పైన వాన పడతాండాది, బిర్నా పోవాల," అని అడుగుల వేగం పెంచాడు. సత్యవేడు అన్న పెద్దాయన్ని కేకేసి పిలిచాడు. పైనుంచి ఎవరో బదులు పలికారు.

వంక మధ్యలో ఒక బండమీద కూర్చుని ఉన్నాడాయన. కుడి చీలమండ వాచిపోయి బూటులోంచి పొంగుకొచ్చింది. చెమట పట్టి, పెదాలు తెల్లబడి, చేతులు వణుకుతున్నాయి. నా సంచీలో బెల్లం ముక్కలు ఉన్నాయి, నా భయమంతా ఆ సంచీలోనే మోస్తుంటాను కదా. నోట్లో పెట్టాను. మగవాళ్ళిద్దరూ ఆయన్ని చెరో పక్క ఎత్తుకుని గట్టెక్కించారు. నేను ఆయన టోపీ, నోట్‌బుక్కు పట్టుకుని వెనకాల ఎక్కాను.

గట్టుమీద పది నిమిషాలు కూర్చున్నామో లేదో, వంక వచ్చేసింది. పెద్ద వరదేం కాదు. నడుముల్లోతు ఉంటుందేమో. కానీ ఆ బండ మునిగిపోయింది. వాచిన కాలుతో ఒంటరి ముసలివాడు అందులో నిలబడలేడు. పది నిమిషాలు. నేను నోరు మూసుకున్నవి పదిహేను. ఇంకో పదో, పదకొండో మూసుకుని ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ నేను లెక్క పూర్తి చేయను.

బెల్లం పనిచేసి ఆయనకి మాట వచ్చింది. నోట్‌బుక్కు అడిగి తీసుకుని నాకు చూపించాడు. ఆ బండమీద కూర్చునే వంకని బొమ్మ గీసుకున్నాడు, రాళ్ళు, మలుపులు, చివర నిటారుగా ఉన్న కొండచరియ. ఇక్కడ దారి లేదు, పటంలో సరిచేయాలి, ఎవరో ఫొటో చూసి గీసి ఉంటారు పాపం అని చెప్పాడు. పాపం అని నిజంగానే అన్నాడు, ఇంగ్లీషులో ఆ మాటకి దగ్గరగా ఉండేదేదో.

నేనే అని చెప్పాను.

ఆయన కోప్పడలేదు. బడిపంతులు కదా, తప్పు చేసిన పిల్లని చూసినట్టు తాపీగా చూసి ఒక్కటే అడిగాడు.

"ఇలాంటివి ఇంకెన్ని గీశారు?"

ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నాకు రాలేదు, గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే నాకు.

సభ ముగిసింది. ఆఖరిరోజు వేదిక మీద జరిగింది జరిగినట్టు చెప్పాను. చప్పట్లు ఎవరూ కొట్టలేదు, కొట్టాల్సిన సంగతీ కాదు. ఇంటికొచ్చి ఆ ఆదివారం గీసినవన్నీ తీశాను. అరవైపైన ఉన్నాయి. ఎవరైనా నడిచి చూసినట్టు గుర్తు ఉన్నవి వదిలేసి మిగతావి చెరిపేస్తూ వచ్చాను. ఆయన దేశం కొండల్లో పద్నాలుగు తేలాయి. అవి చెరపొద్దని ఆయన ఉత్తరం రాశాడు. ఆ పల్లెలకి వేరే పటం లేదు, నిజంగా దారులైతే అక్కడివాళ్ళకి అవసరం, కాలు బాగుపడింది, నేనే నడిచి చెప్తాను అన్నాడు. వద్దని నాలుగు ఉత్తరాలు రాశాను. చెప్తే వినడని ఆయన కూతురు ముందే చెప్పింది కదా.

ఇప్పుడు ఆదివారాలు ఇలా గడుస్తున్నాయి. పొద్దున ఆయన కూతురు నుంచి ఒక్క ముక్క వస్తుంది, నాన్న బయల్దేరాడు అని. ఏ గీత మీదో నాకు తెలుసు. దాన్ని తెరిచి పెట్టుకుని కూర్చుంటాను. అక్కడ తెల్లగా కనిపిస్తున్నది మట్టో, ఇసుకో, మంచో, ఎంత దగ్గరికి లాగి చూసినా తెలియదు. మధ్యాహ్నం దాటాక మెసేజీ వస్తుంది. ఇది దారే అనో, ఇది దారి కాదు అనో. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి, ఆరు దారులు, మూడు కావు. ఆ మెసేజీ వచ్చేదాకా నేను అన్నానికి కూర్చోను. మా ఆయన రెండుసార్లు పిలిచి, తను తినేసి, నా కంచంలో వడ్డించి మూతపెట్టి వెళ్తాడు.