తాళంచెవి హారతి పళ్లెంలో ఉండగా మోగిన పాట

మా మరిది కారు కొన్నాడన్న కబురు నాకు మొదట తెచ్చింది పాలు పోసే సాయమ్మ. "పాట పాడే కారంట అక్కా!" అంది.

బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పిన మా నాన్న, దేవుణ్ణి నమ్మమన్నాడు గానీ దయ్యాలను నమ్మనివ్వలేదు. నేనూ ఏనాడూ నమ్మలేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

రెండు వేల ఏడు, ఎనిమిది ప్రాంతం. అది పాత కారే. రివర్స్ గేరు వేస్తే, వెనకున్నవాళ్లు తప్పుకునేలా గంటల పాట మోగుతుంది. పెర్కిట్‌లో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర పెట్టించాడు. ఆర్మూర్‌లో మా వాడకట్టుకు అది వింత.

మరునాడు పొద్దున బండి పూజ. మా వాకిలి ముందు నేల ఏటవాలు. కారు అక్కడ నిలిపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తాళంచెవి నా పళ్లెంలో వేశాడు మరిది. దిగువన ఉడకబెట్టిన పసుపు ఎండుతోంది. కూలికి వచ్చిన మరియమ్మ కారుకు వీపు పెట్టి కొమ్ములు ఏరుతోంది. ఆమెకూ కారుకూ మధ్య మా మూడేళ్ల పాప ఆడుకుంటోంది.

నేను లోపల దేవుడి ముందు కర్పూరం వెలిగించాను. తాళంచెవి పళ్లెంలోనే ఉంది, కుంకుమ బొట్టుతో. అప్పుడే బయట గంటల పాట మోగింది.

పళ్లెంతోనే పరుగెత్తాను. కారు దానంతటదే వెనక్కి దొర్లుతోంది. మరియమ్మ పాప రెక్క పట్టి పక్కకు లాగేసింది. కారు పసుపు కుప్పకు తగిలి ఆగింది. పాటా ఆగింది.

"బ్రేకెయ్యలేదా పటేలా? నిమ్మకాయలకు అప్పజెప్పినవా?" అని మరియమ్మ మరిదిని కడిగేసింది. "గా పాట ఇనబడకుంటె నేను ఎన్కకు సూస్తుంటినా?"

మాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చూస్తే హ్యాండ్‌బ్రేక్ వేయలేదు. గేరు న్యూట్రల్‌లో ఉంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి వైర్లన్నీ విప్పి చూశాడు. "చెవి తిప్పకుంట, రివర్స్ గేరు ఎయ్యకుంట గది మోగనే మోగదక్కా," అన్నాడు. మా ముందే కారును నాలుగైదుసార్లు వెనక్కి తోయించాడు. ఒక్కసారీ మోగలేదు.

ఎల్లమ్మ తల్లే మోగించిందని మా అత్తమ్మ. "గట్లనా పెద్దమ్మా? మా యేసయ్య కాదా?" అని మరియమ్మ. పసుపు ఏరుతూ ఇద్దరూ ఇప్పటికీ వాదించుకుంటారు.

నాకు మాత్రం అంతుపట్టలేదు. మొక్కడానికి అంతుపట్టనక్కరలేదు గనుక రోజూ మొక్కుతాను.

ఆనాడు బంపర్ తగిలిన మరియమ్మ మోకాలు చలికాలంలో ఇంకా సలుపుతుంది. మీరు ఏ దేవుడికి దండం పెట్టుకున్నా సరే, ఒక్కసారి ఆమె పేరు తలుచుకోండి.